బాబాయి మణికట్టు

మా నర్సింగ్ కాలేజీలో అందరూ బాబాయి అని పిలిచే ఆయన ఫిజియాలజీ ల్యాబ్ అటెండరు. ఇరవై ఆరేళ్లుగా మైక్రోస్కోపులు తుడవడం, గాజుపలకలు కడగడం ఆయన పని. ఎవరూ చెప్పకుండానే ఇంకో పని కూడా నెత్తినేసుకున్నాడు. ప్రాక్టికల్ పరీక్ష రోజున కుర్చీలో కూర్చుని చెయ్యి చాపుతాడు. పిల్లలు ఒక్కొక్కరే వచ్చి ఆయన నాడి చూసి కాగితం మీద రాయాలి. నిమిషానికి డెబ్బై రెండు, ఎప్పుడు చూసినా అంతే. ఆ సంగతి సీనియర్లు జూనియర్ల చెవిన వేసేవారు. బెదురుగొడ్డులాంటి పిల్ల ఎవరైనా వస్తే బాబాయే గుసగుసగా అందించేవాడు. పరీక్ష పెట్టే నేనూ చూసీ చూడనట్టు ఊరుకునేదాన్ని.

ఆ రోజు పన్నెండో పిల్ల వచ్చింది. అప్పటికే ఈ పరీక్ష రెండుసార్లు తప్పింది. ఈసారీ తప్పితే కాలేజీ వదిలిపెట్టాల్సిందే. మూడు వేళ్లు ఆయన మణికట్టు మీద ఆనించి గోడగడియారం వైపు చూస్తూ కూర్చుంది. ఒక నిమిషం. మళ్లీ ఇంకో నిమిషం. చివరికి కాగితం తెచ్చి ఇచ్చింది. ముప్పై ఎనిమిది!

నాకు ఒళ్లు మండింది. "సగం వదిలేసి లెక్కపెట్టావా? వెళ్లి మళ్లీ చూడు."

"రెండుసార్లు చూశాను మేడమ్." కాగితం వెనక్కి తీసుకోలేదు.

బాబాయి నవ్వాడు. "పిచ్చిపిల్ల మేడమ్. డెబ్బై రెండని నేను చెవిలో చెప్పినా వినలేదు."

ఆమె తప్పు చూపించడానికే ఆయన చెయ్యి పట్టుకున్నాను. వేళ్ల కింద ఒక్క దెబ్బ. ఆ తర్వాత ఎంతకీ ఏమీ లేదు. అప్పుడు ఇంకోటి, తాపీగా.

"వారం నుంచి మెట్లెక్కితే కళ్లు తిరుగుతున్నాయి. ఎండకేమో అనుకున్నా" అన్నాడాయన.

చక్రాల కుర్చీలో పక్కనున్న ఆసుపత్రికి పరుగెత్తించాం. గుండె డాక్టరు ఈసీజీ కాగితం నా ముందు పరిచాడు. గుండె పైగదులు ఎప్పటిలాగే కొట్టుకుంటున్నాయి. ఆ కబురు కిందిగదులకు చేరే దారి తెగిపోయింది. అయినా కిందిగదులు చేతులు ముడుచుకుని కూర్చోలేదు. పైనుంచి ఆజ్ఞ రాకపోయినా తమంతట తామే, నిదానంగా, నిమిషానికి ముప్పై ఎనిమిదిసార్లు కొట్టుకుంటూ మనిషిని నిలబెట్టాయి. ఏటా నేను చెప్పే పాఠమే ఇది. ఆ రోజు మాత్రం ఆ గీతల మీద వేలు పెట్టి ఒక్కొక్కటే లెక్కపెట్టాను. గుప్పెడంత కండకు ఇంత పట్టుదల ఎక్కడిది! దణ్ణం పెట్టాలనిపించింది.

మర్నాడు పేస్‌మేకర్ అమర్చారు. ఇంకో రెండ్రోజులు ఆలస్యమైతే మెట్ల మీదే పడిపోయేవాడన్నారు.

ల్యాబ్‌కు వచ్చి ఆ పరీక్ష కాగితాలు తీశాను. ముందు వెళ్లిన పదకొండు మందీ డెబ్బై రెండే రాశారు. అన్నింటికీ పూర్తి మార్కులు వేసి సంతకం చేసింది నేనే. సిగ్గుతో చచ్చిపోయాను. పదకొండింటి మార్కులూ కొట్టేసి, పన్నెండోదాని మీద పూర్తి మార్కులు వేశాను.

ఆ పిల్లను పిలిచి అడిగాను. "ఆయనే చెప్పినప్పుడు డెబ్బై రెండు రాసేయొచ్చుగా? హాయిగా పాసయ్యేదానివి."

"రాద్దామనే అనుకున్నా మేడమ్. కానీ ఆయన చెయ్యి నా చేతిలోనే ఉందిగా."