ఉప్పు సీసాలో బియ్యం గింజలు

నేపాల్ నుంచి తిరిగొస్తూ విజయవాడలో బందరు బస్సెక్కింది మొదలు నేను కిటికీకి మొహం ఆనించి కూర్చున్నాను. పక్కన అక్క, మా బాబాయి కూతురు, ఒకటే నవ్వు. గుడివాడలో టీచరు. ఈ ప్రయాణానికి నన్ను లాక్కెళ్ళింది తనే.

"ఇంకా ఉయ్యూరన్నా దాటలేదు. అప్పుడే సముద్రం వాసనొచ్చేస్తోందటే నీకు?"

"వస్తోంది" అన్నాను. రావడం లేదు.

నేపాల్‌కి సముద్రం లేదని మ్యాపులో చూసే వెళ్ళాను. కానీ ప్రతి మలుపులోనూ ఇంకో కొండే ఎదురొస్తుంటే మాత్రం, బుద్ధెరిగాక మొదటిసారి సముద్రం మీద బెంగ పట్టుకుంది. బందరులో పుట్టిన నాకు! మా ఇంట్లో సముద్రమంటే చుట్టాలొస్తే చూపించేది, అంతే.

మేం దిగిన చిన్న లాడ్జి నడిపే ఆవిణ్ణి అందరూ దీదీ అంటారు. ఓ పొద్దున ఆవిడ ఉప్పు సీసా నింపమంటే నింపి, పక్క డబ్బాలోంచి గుప్పెడు బియ్యం కూడా అందులో పోసేశాను. మా వంటింట్లో ఎప్పుడూ చేసే పనే. చెయ్యి దానంతటదే చేసేసింది. దీదీ సీసా ఎత్తి చూసి తెల్లబోయింది. నాకొచ్చిన కాస్త హిందీలో చెప్పాను: మా ఊళ్ళో సముద్రపు గాలికి ఉప్పు చెమ్మగిల్లుతుంది, బియ్యం వేస్తే పొడిగా ఉంటుంది అని.

"గాలికి ఉప్పు తడుస్తుందా?"

ఆవిడ నమ్మలేదు. సముద్రాన్ని ఎప్పుడూ చూడలేదట. కొత్తవాళ్ళతో నోరు విప్పని నేను టీ చల్లారిపోయేదాకా చెప్పాను: అలలు, పడవలు, దివిసీమలో అమ్మమ్మ వండే పీతల కూర. వచ్చేరోజు దీదీ నా చెయ్యి పట్టుకుని, "వెళ్ళగానే ఫోన్లో చూపించు. టీవీలోది కాదు, మీది" అంది. సరేనన్నాను.

భయం రైల్లో మొదలైంది. మా సముద్రం నీలంగా ఉండదు. నల్లటి మన్ను, మట్టిరంగు నీళ్ళు. అన్ని గొప్పలు విన్నాక ఇది చూసి ఆవిడ, ఇంతేనా అంటే? పైగా నలుగురిలో వీడియో కాల్. బస్సులో పక్కవాళ్ళు వింటారని అమ్మ ఫోనే ఎత్తను నేను.

పామర్రులో అక్క గుడివాడ బస్సు కోసం దిగిపోతూ, "ముందు ఇంటికెళ్ళి స్నానం చెయ్యవే. సముద్రం ఎక్కడికీ పోదు" అంది. నేను బందరులో దిగి, బ్యాగుతో సహా మంగినపూడి బీచికి ఆటో ఎక్కేశాను.

ఆదివారం సాయంత్రం, ఒడ్డంతా జనం. ఫోను చెయ్యగానే దీదీ ఎత్తింది. కళ్ళు మూసుకుని సముద్రం వైపు తిప్పాను.

"అవతలి ఒడ్డు ఏది?" అంది దీదీ.

"లేదు దీదీ."

"సరిగ్గా చూపించు. పక్కకి తిప్పు."

అటు తిప్పాను, ఇటు తిప్పాను. "లేదు దీదీ! లేనే లేదు!" చుట్టూ తలలు నావైపు తిరిగాక గానీ నేను కేకలు పెడుతున్నానని తెలియలేదు.

చేపలు వేయించి అమ్మే ఆవిడ అట్లకాడ పట్టుకునే వచ్చేసింది. "ఎవరమ్మాయ్? ఏవంటంది?"

"అవతలి ఒడ్డు చూపించమంటున్నారండీ."

"ఓసి దీన్దుంపతెగ! మా ఆయన పెళ్ళికి ముందు నుంచీ వేటకెళ్తన్నాడు, ఆయనకే కనపళ్ళేదని చెప్పు!"

చెప్పాను. దీదీ పగలబడి నవ్వి, "అయితే నువ్వు లోపలికి వెళ్ళు, చూస్తాను" అని హుకుం జారీ చేసింది. చీలమండలు దాటి నేనెప్పుడూ దిగలేదు.

"దిగు దిగు, బ్యాగు నేను చూస్తాలే" అంది చేపలావిడ.

దిగాను. వేళ్ళ సందుల్లో నల్లమన్ను జారిపోతోంది. మోకాళ్ళు, తర్వాత నడుము. ఓ అల వచ్చి గుండెల మీద కొట్టింది. ఫోను తలమీదికెత్తి నేను కెవ్వుమన్నాను, అక్కడ దీదీ కూడా కెవ్వుమంది. ఎవరిది పెద్ద కేకో తెలీదు. ఆవిడకి ఆకాశం తప్ప ఏమీ కనపడలేదట.

రంగు సంగతి ఆవిడ అడగనే లేదు. ఫోను దించేసరికి తెరమీద ఉప్పు సీసా ఉంది, మూత తీసి. బియ్యం గింజలు ఏరెయ్యలేదు.

"మీ సముద్రాన్ని ఇటు ఊదమను" అంది దీదీ. "తడుస్తుందేమో చూద్దాం."

ఒళ్ళంతా నీళ్ళు కారుతుండగా, ఫోనుని గాలికి ఎదురుగా పట్టుకుని అలాగే నిలబడ్డాను.