గిఫ్టు అంటే మందేనట

నేను చదువుకున్నదాన్ని కాదు. సంతకం పెడ్త, బస్సు బోర్డు కూడబలుక్కుంట, అంతే. ఇంగిలీషుల మాత్రం ఒక్క మాట ఎరుకుండె: గిఫ్టు. పెండ్లిళ్లల్ల డబ్బాల మీద చూసి చూసి ఆ అక్షరాలు కండ్లకు అలవాటైనయ్. ఆ ఒక్క మాటతోని మా సంఘం ఆడోళ్ల ఎండాకాలం కష్టమంత మట్టిపాలు చేసిననుకున్న.

మాది పినపాక అవతల అడివంచు ఊరు. ఇప్పపువ్వు రాలే దినాలల్ల పొద్దు పొడవకముందే పోయి ఏరుకొస్తం. ఎండబెట్టి, దులిపి, ఏంచి, బెల్లం, పల్లీలు, నువ్వులు కలిపి దంచి లడ్డూలు కడ్తం. ఆ పువ్వుతోనే సారా కూడ కాస్తరు. మా ఆయన సారా దిక్కు పోయిండు, నేను లడ్డు దిక్కు వచ్చిన. ఆయన పోయినంకనే సంఘంల చేరిన.

పాల్వంచ టీచరమ్మ ఒకామె మా లడ్డూలు తిని, వాళ్ల చర్చికొచ్చే విదేశపోళ్లకు చెప్పింది. ముగ్గురొస్తరు, నచ్చితె వాళ్ల ఊరి చర్చి సంతకు డబ్బాలు పట్టుకపోతరు, అక్కడ అమ్ముడైతె ఏటా తీసుకుంటరు అన్నది. ఏటా! మాకు అంతకంటె ఏం కావాలె.

"డబ్బాల మీద ఏదన్న రాసుండాలె అత్తా" అన్నది మా లీడరు. నాకంటె చిన్నది, నన్ను అత్తా అంటది.

"నాకెరుకే" అని నేనే ముందువడ్డ. మణుగూరుకు పోయి బంగారు రంగు గిఫ్టు స్టిక్కర్లు తెచ్చి, డబ్బ డబ్బకు నా చేత్తోనే అతికిచ్చిన. "మొదలు మొదలే ముండమోసిన చెయ్యి ఎందుకు?" అని ఇద్దరు గొణిగిన్రు. ఇంకో డబ్బకు అతికిచ్చిన.

వాళ్లొచ్చిన్రు, మూడు దేశాలోళ్లు, జర్మనీల ఒక్క ఊర్లనే ఉంటరట. జర్మనీ అమ్మ డబ్బ చేతులకు తీసుకొని, అద్దాలు పెట్టుకొని, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకొని ఒక్కటే నవ్వుడు. టీచరమ్మ మొకం మాడిపోయింది.

"ఏందమ్మా?" అన్న.

"వాళ్ల భాషల గిఫ్ట్ అంటే విషమట పెద్దమ్మా. ఎలుకల మందు డబ్బ మీద రాసుంటదట. గిట్ల సంతల పెడ్తె ఒక్కరు ముట్టరట."

గొణిగినోళ్లిద్దరు నన్నే చూస్తున్నరు.

అప్పుడు స్వీడన్ అమ్మ తన ఉంగరం చూపిచ్చి ఏందో చెప్పింది. వాళ్లకు కూడ గిఫ్ట్ అంటే విషమేనట, కానీ పెండ్లైనోళ్లను కూడ గిఫ్టే అంటరట.

"రెండిటికి ఒక్కటే మాటనా? మస్తు తెలివిగలోళ్లు!" అన్నది మా సంఘంల ఒకామె. అందరు పడి పడి నవ్విన్రు. హాలండాయన చెయ్యి లేపి, మా దగ్గర కానుకే, కానీ చివరి అక్షరం తీసేస్తె విషం అన్నడు. ఇంకింత నవ్విన్రు.

నాకు నవ్వు రాలే. "విషానికి ఆ పేరు ఎట్లొచ్చింది? అడుగమ్మా" అన్న. వాళ్లు వాళ్లల్ల మాట్లాడుకొని, ఫోన్ల చూసి చెప్పిన్రు. అన్ని మాటలకు మొదలు ఒక్కటేనట, ఇచ్చుడు. ఎనుకట వైద్యుడు ఇచ్చేదాన్ని గట్ల అనెటోళ్లు, రాను రాను అదే విషానికి పేరైందట.

"గంతేనా! అది మన మందే గదా!" అన్న. "జొరమొస్తె మందే, పత్తికి కొట్టేది మందే, తాగేది మందే. మా ఆయనను దవాఖానాకు తీస్కపోతె 'ఏ మందు తాగిండు?' అని నర్సు మూడుసార్లు అడిగింది. కొట్టేది కాదమ్మా, కాసేది అని చెప్పిన. ఇగ పెండ్లంటవా, నన్ను వైరా దిక్కు నుంచి ఈ ఊరికి ఇచ్చిన్రు. పిల్లనిచ్చుడు అంటె పెండ్లి గాదా? వాళ్ల మాట తప్పేం లేదు, మన అసుంటిదే."

టీచరమ్మ అదంత వాళ్లకు చెప్పేసరికి స్వీడన్ అమ్మ వచ్చి నా రెండు చేతులు పట్టుకున్నది. జర్మనీ అమ్మ మాత్రం పనిమంతురాలు. "లడ్డు బాగుంది, మాట మార్చుండ్రి, తీస్కపోతం" అన్నది.

"ఆ మాటనే మన అక్షరాలల్ల రాస్తె అయిపాయె. 'ఇచ్చింది' అని. అడివి ఇచ్చింది, మనం ఇచ్చినం" అన్నది లీడరు. "రాయి అత్తా."

"నేనా? టీచరమ్మ ఉండంగ?"

"అతికిచ్చింది నువ్వు, అర్థం చెప్పింది నువ్వు. రాయి."

గొణిగినోళ్లల్ల ఒకామె లేసి గోటితోని స్టిక్కర్లు గీకుడు మొదలువెట్టింది. ఇంకొకామె అతికిచ్చేటందుకు గంజి తెచ్చింది. నేను కాగితం ముక్క మీద రాసి మొదటి డబ్బకు అతికిచ్చిన. టీచరమ్మ చూసి, "చ కింద ఒత్తు మర్సిపోయినవ్ పెద్దమ్మా" అన్నది. అప్పటికే జర్మనీ అమ్మ ఆ డబ్బను ఫోటో తీసుకున్నది. తక్కిన వాటికి ఒత్తు పెట్టిన.

సంతల డబ్బాలన్ని అమ్ముడుపోయినయట. పోయిన నెల టీచరమ్మ ఫోన్ చేసింది, మళ్ల కావాల్నట, ఇంకా ఎక్కువ. ఆ ఫోటోల రాతనే వాళ్లు అచ్చేసి బల్లకు కట్టిన్రట, డబ్బాలన్నీ అచ్చం అట్లనే ఉండాల్నట.

ఇప్పుడు నేను పెన్ను పట్టుకుంటె చాలు, మా లీడరు ఎనుక నిలవడ్తది. "ఒత్తు పెడ్తవేమో అత్తా, జెర పైలం. ఆర్డరు పోతది."