ఆషాఢంలో బాలి ప్రయాణం

పెళ్లయ్యాక నాకు వచ్చేది మొదటి ఆషాఢం. నెలంతా ఆయనకు దూరంగా పుట్టింట్లో ఉండాలని దిగులు. ఎవరికీ చెప్పలేదు. ఈ రోజు నాచారంలో మా ఇంట్లో బాలి ఎప్పుడు వెళ్లాలన్న మాట వచ్చింది. మా ఆయన డిసెంబరు అన్నారు.

అత్తమ్మ చిక్కుడుకాయలు ఒలుస్తూ, "గప్పుడు ఆడ మస్తు వానలంట, మేడమీది టీచరమ్మ చెప్పింది. ఆషాఢంల పోండి, మంచిగుంటది" అంది.

"ఆషాఢంల ఈమె పుట్టింటికి పోవాలె గదనే అమ్మా?"

"అత్తాకోడళ్లు ఒక్కటే గడప దాటొద్దన్నరు బిడ్డా. మొగుడూపెళ్లాలు విమానమెక్కొద్దని ఎవరన్నరు?"

నేను సిగ్గుతో వంటింట్లోకి పరుగెత్తాను. చెప్పని దిగులు ఆమెకెలా తెలిసిందో! మొదటి ఆషాఢంలో మిమ్మల్ని మీ అత్తమ్మలు ఎక్కడికి పంపారో చెప్పండి.