పాప కడుపుపై మా అత్త అరచేయి

మా అత్త పోయిందని మొన్న సోమవారం నా భర్త ఫోన్ చేసినప్పుడు నేను పావగడ బడిలో హాజరు పిలుస్తున్నాను. మిగిలిన పేర్లన్నీ పిలిచాకే బయటికి వచ్చాను. ఎందుకలా చేశానో తెలియదు. అప్పటి నుంచి ఒకచోట కుదురుగా కూర్చోలేకపోతున్నాను.

ఆమె కూడా కుదురుగా కూర్చునే మనిషి కాదు. మా చేను సోలార్ పార్కుకు కౌలుకు పోయాక, చేతులు ఊరుకోక, అక్కడి సోలార్ పలకల మధ్యనే గడ్డి కోసే కూలికి కుదిరింది. "కూసుంటే మనసు తిరుగుతాది. మనం తిరిగితే అది కూసుంటాది" అనేది.

నా కూతురు పుట్టినప్పుడు నీళ్లు పోసేది ఆమే. రెండో నెలలో ఒకరోజు కాళ్లపై పడుకోబెట్టుకుని నూనె రాస్తూ, పాప కడుపు కుడివైపున అరచేయి ఆపింది.

"ఈడేందో గట్టిగా ఉండాది, సూడుమ్మీ."

పావగడలో పిల్లల డాక్టరు స్కానింగ్ చేయించాడు. కాలేయంలో నీటి తిత్తి, పుట్టుకతో వచ్చిందే అన్నాడు. "పాలు తాగుతోంది, బరువు పెరుగుతోంది. ఇప్పుడే కోయనక్కర్లేదు. నెల తర్వాత మళ్లీ చూద్దాం."

ఆ ఎదురుచూపు మమ్మల్ని తినేసింది. అత్త చేతిలో పని వదిలేసి వచ్చి మరీ పాప కడుపు తడిమేది. పక్కింటి ముసలామె వచ్చి, "వాత పెట్టిస్తే కరిగిపోతాది" అంది. అత్త చీర కొంచెం పక్కకు తీసి, తన కడుపుపై చిన్నప్పటి వాత మచ్చలు చూపించింది.

"నాకూ పెట్టినారు. ఏడ్సిందే మిగిలింది. నా మనవరాలికి వద్దక్కా."

నెల నిండకముందే పాప తాగిన పాలన్నీ కక్కడం మొదలుపెట్టింది. తిత్తి పెరిగి పొట్టను నొక్కుతోందని డాక్టరు బెంగళూరుకు పంపాడు.

"సూదితో నీళ్లు తీసేస్తే సాలదా సార్?" అని అక్కడి సర్జన్‌ను అత్త అడిగింది.

"మళ్లీ ఊరుతాయమ్మా. తిత్తినే తీసేయాలి."

పాపను ఆపరేషన్‌కు లోపలికి తీసుకుపోయాక నా భర్త గోడకానుకుని కూలబడ్డాడు. అత్త వరండా పొడవునా తిరుగుతూనే ఉంది. కూర్చోమన్నాను.

"నేను కూసుంటే లోపల వాళ్ల చెయ్యి ఆగిపోతాదేమో" అంది.

ఆ పాప ఇప్పుడు రెండో తరగతి. కడుపు మీద సన్నటి గీత తప్ప ఇంకేమీ లేదు. అత్తకు మాత్రం ఏడాదిగా ఆయాసం. మంచం పట్టాక కూడా కాళ్లు కదుపుతూనే ఉండేది.

ఆ మంచం నాకు గుర్తురావడం లేదు. సర్జన్ బయటికి వచ్చి, "తిత్తి తీసేశాం, పాప బాగుంది" అన్న ఆ మధ్యాహ్నమే గుర్తొస్తోంది. అత్త వరండా చివర కొళాయి దగ్గరికి పోయి ముఖం కడుక్కుంది. కడుక్కుంటూనే ఉంది. తర్వాత కొళాయి కట్టేయడం మరిచి, తడిసిన కొంగు నుంచి నీళ్లు కారుతుండగా, గోడవైపు తిరిగి అలాగే నిలబడిపోయింది.