నున్నటి గ్రీన్ మీద ఆగని బంతి

ఖమ్మంలో ఒక కోచింగ్ కాలేజీలో పద్నాలుగేళ్లుగా ఫిజిక్స్ చెబుతున్నాను. నిరుడు చలికాలం పోయేసరికి గొంతు బొంగురుపోయి, చివరికి గాలి తప్ప మాట రాకుండా అయింది. దవాఖానాలో డాక్టరమ్మ గొంతులోకి కెమెరా పెట్టి చూసింది. "నెల రోజులు ఒక్క మాట మాట్లాడొద్దు సార్. గుసగుసలు కూడా వద్దు," అంది.

నోటితో బతికేవాణ్ణి. మూడో రోజుకే ఇల్లు ఇరుకైపోయింది. వరండాలోంచి వంటింట్లోకి, వంటింట్లోంచి వరండాలోకి తిరిగేవాణ్ణి. ఏదన్నా చెప్పాలంటే పలక మీద రాయాలి. నేను రాసేలోపు మా ఆవిడ ఇంకో గదిలో ఉండేది.

"జర కూసోండి, మిమ్మల్ని చూస్తే నా కళ్లు తిరుగుతున్నయ్," అని ఒకరోజు నా ఫోన్లో ఏదో గోల్ఫ్ ఆట ఎక్కించి చేతిలో పెట్టింది.

గోల్ఫ్ కర్రను నేను ఎన్నడూ పట్టింది లేదు. అయినా దూరపు దెబ్బలు రెండు రోజుల్లో వచ్చేశాయి. తంటా అంతా బంతి పడాల్సిన గుంట చుట్టూ ఉండే నున్నటి గడ్డి మీదే. దాన్ని గ్రీన్ అంటారు. అక్కడ బంతిని మెల్లగా దొర్లించాలి. వేలితో వెనక్కి లాగినకొద్దీ పక్కన గీత నిండుతుంది, వదిలితే అంత బలంతో బంతి కదులుతుంది. మామూలు గ్రీన్ మీద సగం గీత చాలిన దూరానికి, జారుడు గ్రీన్ మీద పావు గీతకే బంతి గుంట దాటి ఎటో పోయేది. తగ్గిస్తే సగం దారిలో నిలబడేది. ఘర్షణ గురించి ఇంతమంది పిల్లలకు చెప్పినవాణ్ణి, పలక మీద లెక్కలు వేసి మరీ తప్పాను. ఓడినప్పుడల్లా లేచి మళ్లీ వరండాలో నడక.

మా పక్కింటి పెద్దాయన క్యారమ్ బోర్డులు చేస్తాడు. వాళ్ల నాయన కాలం నుంచీ అదే పని. నన్ను పలకరించడానికి వచ్చి, వెనక నిలబడి కాసేపు ఆట చూశాడు.

"ఏడ చూసి కొడ్తున్నరు సార్?"

గుంట వైపు వేలు చూపించాను.

"గందుకే పోతున్నది. గుంట లేదనుకోండి. బాల్ ఏడ ఆగాల్నో గది చూడుండ్రి. గుంట దాటి జానెడు, గంతే. పౌడర్ చల్లిన బోర్డు మీద మేం గట్లనే అందాజ చూస్తం."

వాలు ఉంటే ఎట్లా అని పలక మీద రాశాను.

"కిందికి వాలుంటే గుంటకు ఇవతలే ఆగాలని కొట్టండి. మిగతాది వాలు తీస్కపోతది."

అప్పటి నుంచి గీతను చూడడం మానేశాను. బంతి ఆగే చోటును మనసులో పెట్టుకుని లాగేవాణ్ణి. నాలుగింట మూడు పడసాగాయి. కానీ కుదురు మాత్రం రాలేదు. గెలిచినా లేచి తిరగడమే.

పద్దెనిమిదో రోజు మధ్యాహ్నం, ఆన్‌లైన్లో ఎవరో తెలియని మనిషితో ఆడుతూ సమానంగా ఉన్నాను. ఆఖరి గుంట. కిందికి వాలు, అద్దం లాంటి గ్రీన్. చూసుకునే వదిలాను. అయినా బంతి గుంట దాటి జారిపోతూనే ఉంది. ఒళ్లు మరిచి అరిచాను.

"ఆగు! ఆగవే!"

తలుపు గొళ్లెం గీరినట్టుంది ఆ గొంతు. నాదేనని గుర్తుపట్టడానికి క్షణం పట్టింది.

మా ఆవిడ పిండి చేతులతో పరుగెత్తుకొచ్చింది. "ఏందండీ! మాట్లాడిన్రా?" అంది. ఆమె కళ్లల్లో నీళ్లు. నేను నోరు మూసుకుని తల అడ్డంగా ఊపాను. "అబద్ధం కూడానా!" అని ఫోన్ లాక్కుని బీరువాలో పెట్టి తాళం వేసింది.

మళ్లీ కెమెరా పెట్టించుకునేదాకా నాకు తిండి సహించలేదు. ఆ ఒక్క కేకతో గొంతు పూర్తిగా పోయిందేమోనని భయం. డాక్టరమ్మ చూసి, కొంచెం ఎర్రబడింది, ఇంకో పది రోజులు పొడిగించండి అంది. ఆ రోజులన్నీ పెద్దాయన షెడ్డులో బోర్డులకు గరుకు కాగితం రుద్దుతూ గడిపాను. ఆయన మాట్లాడేవాడు, నేను రుద్దేవాణ్ణి.

తర్వాత కాలేజీకి వెళ్లాను. చొక్కాకు మైకు తగిలించి, రోజుకు మూడు క్లాసులే ఇచ్చారు. మొదటి రోజు నా గొంతు సన్నగా, ఎవరిదో అన్నట్టు వినిపించింది. పిల్లలు ఎన్నడూ లేనంత నిశ్శబ్దంగా విన్నారు.