తప్పులన్నీ మామయ్యవే

చిన్నమ్మాయి మేనమామకు ఉన్నది ఒకే ఒక్క అలవాటు. లోకంలో ఎక్కడ ఏ తప్పు జరిగినా అది తనదే అంటాడు. తప్పు ఎవరిదా అని నలుగురూ వెతకడం మొదలుపెట్టేలోపే ఆయన వచ్చి దాన్ని ఎత్తుకుని చంకలో పెట్టేసుకుంటాడు. ఆ తర్వాత దాన్ని ఆయన దగ్గర్నుంచి లాక్కోవడం ఎవరి తరమూ కాదు.

పక్కింటావిడ పాలు పొంగిపోయాయనుకోండి, గోడ మీంచి మామయ్య తల కనిపిస్తుంది. "తప్పు నాదేనమ్మా. నేను అప్పుడే దగ్గాను, మీ ధ్యాస ఇటు మళ్ళింది." బస్సు ఆలస్యమైతే స్టాపులో నిలబడ్డ వాళ్ళందరికీ వరసగా క్షమాపణ చెబుతాడు. "నేనెక్కాల్సిన బస్సు ఎప్పుడూ ఇంతేనండీ. నేను నడిచి వెళ్ళుంటే మీకీ అవస్థ ఉండేది కాదు." జనం మొదట్లో ఆయన్ని పిచ్చివాడనుకున్నారు. తర్వాత బస్సు రాకపోతే ఆయన కోసమే చూడటం మొదలుపెట్టారు.

ఒకసారి ఎవడో ఆయన జేబు కొట్టేశాడు. పోలీసులు వాణ్ణి పట్టుకొచ్చి ఎదురుగా నిలబెట్టారు. మామయ్య దొంగ వైపు జాలిగా చూసి, "తప్పు నాదే సార్. పర్సు సగం బయటికి పెట్టుకుని అరగంట ఇతని ముందే నడిచాను. మనిషన్నవాడు ఎంతసేపని ఓర్చుకుంటాడు?" అన్నాడు. ఇన్‌స్పెక్టరు కలం కింద పెట్టి, ఇద్దర్లో ఎవరిమీద కేసు రాయాలో తేల్చుకోలేక, ఇద్దరికీ టీ ఇప్పించి పంపేశాడు.

అందరికంటే ఎక్కువ నష్టపోయింది అత్తయ్య. "ముప్ఫై ఏళ్ళయింది పెళ్ళయి, ఒక్క పోట్లాటా పూర్తిగా ఆడనివ్వలేదే ఈయన" అని చిన్నమ్మాయి దగ్గర వాపోయేది. "నేను సగం నోరు తెరిచేసరికి తప్పు నాదే అంటాడు. మిగతా సగం నేనేం చేసుకోను?"

"అదీ తప్పు నాదే" అనేవాడు మామయ్య పక్కగదిలోంచి.

ఆయన ఉద్యోగం కూడా అలాంటిదే దొరికింది. నీళ్ళ ఆఫీసులో మూడో నంబరు కిటికీ, ఫిర్యాదుల గుమస్తా. ఒకటో కిటికీలో, రెండో కిటికీలో గుమస్తాలు ఈగలు తోలుకుంటూ ఉండేవారు. మూడో దాని ముందు మాత్రం వరస వీధి దాకా సాగేది. కుళాయి ఎండిపోయినవాళ్ళు, పైపు పగిలినవాళ్ళు, పిడికిళ్ళు బిగించుకుని వచ్చేవారు. "తప్పు నాదేనండీ" అని ఆయన లేచి నిలబడగానే వాళ్ళ పిడికిళ్ళు వాటంతటవే విడిపోయేవి. అరిచేవాడికి ఎదురు అరిచేవాడు లేకపోతే ఎంతసేపని అరుస్తాడు? వాళ్ళు సంతకం పెట్టి, ఆయన ఆరోగ్యం కనుక్కుని ఇంటికెళ్ళిపోయేవారు. నీళ్ళు ఎప్పటిలాగే మర్నాడు వచ్చేవి.

ఇంతటి మనిషి ఉన్న కుటుంబంలో కూడా ఒక తప్పు ఆరేళ్ళుగా నలుగుతూనే ఉంది. చిన్నమ్మాయి పుట్టిన మతం వదిలి, బాగా ఆలోచించుకునే, ఇంకో మతంలో చేరింది. ఆ సంగతి అమ్మకు చెప్పిన తొమ్మిదో రోజున అమ్మ గుండె ఆగిపోయింది. అమ్మను పడుకోబెట్టిన గదిలోనే చిన్నమ్మాయి అన్నయ్య పెద్దబాబు, "నీ మాటే చంపింది" అన్నాడు. ఆ తర్వాత అన్నాచెల్లెళ్ళ మధ్య మాటల్లేవు. ఏటా అమ్మ పోయిన రోజున పెద్దబాబు ఇంట్లో ప్రార్థన చేయిస్తాడు. మతం వదిలినవాళ్ళకు ఆ గుమ్మంలోకి ప్రవేశం లేదు.

చిన్నమ్మాయికి కావలసింది అదొక్కటే. ఏడాదికి ఒక్క గంట, అమ్మ ఉన్న ఇంట్లో, అమ్మను తలుచుకునే వాళ్ళ మధ్య కూర్చోవాలి. ఏటా మామయ్యతో కబురు పంపేది. ఏటా ఆయన మొహం వేలాడేసుకుని వచ్చేవాడు. "వద్దన్నాడే. తప్పు నాదే. నేను సరిగ్గా అడగలేదు."

అమ్మ పోయిన వారానికి, చిన్నమ్మాయి అన్నం మానేసి గోడవైపు తిరిగి పడుకున్న రోజుల్లో, ఆ మామయ్యే వచ్చి మంచం అంచున కూర్చున్నాడు.

"మీ అమ్మ పోయింది నీవల్ల కాదే. నావల్ల. ఆరోజు మధ్యాహ్నం వెళ్ళి దానితో మూడు గంటలు పోట్లాడాను."

"దేనికి?"

"మా నాన్న గొడుగు కోసం." మామయ్య తడుముకోకుండా చెప్పాడు. "నాదన్నాను. తనదంది. మనిషి వణికిపోయింది పాపం. తప్పు నాదే."

చిన్నమ్మాయికి ఒళ్ళు మండిపోయింది. నాలుగు రోజులు ఆయన్ని తిట్టుకుంది. కానీ ఆ మొహం చూస్తూ ఎవరికైనా ఎన్నాళ్ళు కోపం నిలుస్తుంది? ఆయన్ని క్షమించడానికే బోలెడంత పని పట్టింది. ఆ పనిలో పడి తనను తాను తిట్టుకోవడం కొంచెం తగ్గించింది, అన్నం కూడా తినడం మొదలుపెట్టింది.

ఈ ఏడు కూడా కబురు పంపింది, ఈ ఏడు కూడా వద్దనే వచ్చింది. ప్రార్థనకు ఒకరోజు ముందు ఆమె తను పనిచేసే కళ్ళద్దాల షాపులో కౌంటరు తుడుచుకుంటుంటే, ఎవరో వచ్చి గాజు మీద కాగితప్పొట్లం ఒకటి పెట్టారు.

"ఇవి అర్జంటుగా బాగు చెయ్యా..." అంటూ తలెత్తి, ఆ మనిషి మాట మధ్యలోనే మింగేశాడు.

పెద్దబాబు. ఆరేళ్ళలో జుట్టు నెరిసింది. మెడలో కొలతల టేపు వేలాడుతూనే ఉంది, తీసి రావడం మర్చిపోయాడు. టైలర్లందరూ మర్చిపోతారు కాబోలు.

"నువ్విక్కడా?"

"మూడు నెలలైంది చేరి."

"మామయ్య ఈ షాపుకే వెళ్ళమన్నాడు."

"మామయ్యకి తెలుసు నేనిక్కడున్నట్టు."

ఆమె పొట్లం విప్పింది. మామయ్య కళ్ళజోడు. "ఏమైంది దీనికి?"

"దానిమీద కూర్చున్నాట్ట. అది లేకపోతే అడుగు వెయ్యలేనని ఒకటే గోల."

"కూర్చుంటే వంగాలి, విరగాలి. ఇదేంటి, స్క్రూలు రెండూ చక్కగా విప్పి పొట్లం కట్టి ఉన్నాయి?"

పెద్దబాబు వంగి చూశాడు. చూసి, నవ్వు ఆపుకోవడానికి గట్టిగా దగ్గాడు. "పోన్లే, ఆయన్నేమీ అనకు. అమ్మ విషయంలో ఇప్పటికే కుమిలిపోతున్నాడు."

"తెలుసు. గొడుగు కోసం పోట్లాడాడుగా."

"ఏ గొడుగు?"

"ఆరోజు మధ్యాహ్నమంతా అమ్మతో ఇంట్లో..."

"ఆరోజు మధ్యాహ్నం ఆయన ఊళ్ళోనే లేడు! అమ్మ మాత్రలు పొరపాటున తన సంచీలో వేసుకుని పెళ్ళికెళ్ళాడు. సమయానికి మందు లేకే అమ్మ పోయిందని నాతో తనే చెప్పాడు."

"ఎప్పుడు చెప్పాడు?"

"అమ్మ పోయిన వారానికి."

"నాకూ ఆ వారమే."

ఇద్దరూ కౌంటరుకు చెరోవైపు నిలబడి, చేతిలో చెరో నేరం పట్టుకుని ఒకరినొకరు చూసుకున్నారు. మామయ్య ఒకే మధ్యాహ్నం ఇంట్లో కూర్చుని పోట్లాడుతూ, అదే సమయంలో పక్క ఊళ్ళో పెళ్ళిభోజనం చేశాడన్నమాట.

"నాకెందుకు చెప్పాడో నాకు తెలుసు" అంది చిన్నమ్మాయి. "నీకెందుకు చెప్పాల్సి వచ్చింది?"

పెద్దబాబు టేపు కొసను వేలికి చుట్టాడు, విప్పాడు, మళ్ళీ చుట్టాడు. "అమ్మ ఆ సాయంత్రం షాపుకి ఫోన్ చేసింది. గుండె బరువుగా ఉంది, రారా అంది. నేను కోటు కత్తిరిస్తున్నా. గ్యాస్ అయ్యుంటుందమ్మా, గంటలో వస్తానన్నా." టేపు వేలి నుంచి లాగేశాడు. "నిన్ను అన్న మాట నన్ను నేను అనుకోవాల్సింది. ధైర్యం చాలక నీమీద పడేశాను."

చిన్నమ్మాయికి కోపం వచ్చింది. ఆరేళ్ళ కోపం, రావలసినంతా వచ్చింది. కానీ ఎదురుగా ఉన్న మనిషి ఆ గంటను ఆరేళ్ళుగా మోస్తున్నాడు. అది ఎంత బరువో ఆమె కంటే బాగా తెలిసినవాళ్ళు ఇంకెవరూ లేరు. ఆమె స్క్రూలు రెండూ బిగించి, అద్దాలు తుడిచి, యజమానితో గంటలో వస్తానని చెప్పి బయటికొచ్చింది. "పద" అంది.

మామయ్య వసారాలో కుర్చీ వేసుకుని, కళ్ళజోడు లేక వీధిలో పోయే ప్రతివాళ్ళకూ నవ్వు మొహం పెడుతున్నాడు.

"మామయ్యా!" ఇద్దరి గొంతులూ ఒకేసారి లేచాయి.

ఆయన ఉలిక్కిపడి లేచి నిలబడ్డాడు. "తప్పు నాదే" అన్నాడు, విషయం ఇంకా తెలియకుండానే.

"గొడుగా, మాత్రలా?" అంది చిన్నమ్మాయి.

"...రెండూ నావే."

"ఒకేసారి రెండు చోట్ల ఎలా ఉన్నావు మామయ్యా?"

"ఏ రెండు చోట్ల?" అత్తయ్య లోపల్నుంచి వచ్చింది. "ఆరోజు సాయంత్రం అయిదు దాకా ఈయన ఆఫీసులోనే ఉన్నాడు. క్యారేజీ నేనే ఇచ్చొచ్చాను. ఇంతకీ గొడుగేంటి? మీ తాతయ్యకి గొడుగే లేదు!"

ముప్ఫై ఏళ్ళ వృత్తిలో మామయ్య పట్టుబడటం అదే మొదలు. మెల్లగా కుర్చీలో కూలబడ్డాడు.

"డాక్టరు ఆరోజే చెప్పాడర్రా, గంట ముందు తెచ్చినా ఇంతేనని. ఎవరి మాటా కాదు, ఎవరి ఆలస్యమూ కాదు, గుండె అరిగిపోయిందని. మీ ఇద్దరికీ చెప్పాను. విన్నారా? ఎవరిదీ కాదంటే మీకు ఎక్కలేదు. ఇది చూస్తే అన్నం మానేసింది. నువ్వు చూస్తే కత్తెర పట్టుకుని గోడకేసి చూస్తూ కూర్చున్నావు. ఎవరిదో ఒకరిది కావాలి మీకు. సరే, నాది తీసుకోండి అన్నాను."

"ఇద్దరికీ ఒకటే చెప్పి చావొచ్చుగా!"

"ఎలా కుదురుతుందిరా? టైలరువి నీకు తెలీదా? ఒకరి కొలత ఇంకొకరికి సరిపోతుందా?"

చిన్నమ్మాయి కళ్ళజోడు తీసి మామయ్య చెవులకు తగిలించింది. పెద్దబాబు చెల్లెలి వైపు చూడకుండా గోడతో మాట్లాడుతున్నట్టు అన్నాడు:

"రేపు పదింటికి ప్రార్థన. ఆలస్యం చెయ్యకు."

"నేను ఆ మాటలు చదవను అన్నయ్యా. ఇప్పుడు నావి వేరు."

"చదవకు. అమ్మకి మాత్రం వచ్చా ఏంటి? ముప్ఫై ఏళ్ళు మన పక్కన కూర్చుని పెదాలు కదిపింది."

చిన్నమ్మాయి ఫక్కున నవ్వింది. అమ్మ అలా పెదాలు కదపడం ఆమె కళ్ళ ముందే ఉంది. పెద్దబాబు కూడా నవ్వాడు. నవ్వయ్యాక ఇద్దరికీ ఒక్కసారే గుర్తొచ్చింది, తాము ఇక్కడికి ఎందుకొచ్చారో.

"అయితే ఆరేళ్ళు అబద్ధాలాడావన్నమాట!" అన్నాడు పెద్దబాబు.

"పైగా నీకోసం నేను బాధపడ్డాను! నిన్ను క్షమించాను కూడా!" అంది చిన్నమ్మాయి.

"గొడుగట! మాత్రలట!"

"సిగ్గుండాలి!"

మామయ్య కళ్ళజోడు సవరించుకుని ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. కుర్చీని ఇంకాస్త దగ్గరికి లాక్కున్నాడు.

"ఆపకండర్రా" అన్నాడు తృప్తిగా. "మీరిద్దరూ కలిసి ఒకణ్ణి తిట్టి ఆరేళ్ళయింది."