జవాబు చెప్పకుండా కూర్చోవడం

మా టీములో పనిచేసే ఒకతను ఒక మధ్యాహ్నం మీటింగు గదిలో ఉన్నట్టుండి ఛాతీ పట్టుకుని కూలబడ్డాడు. చేతులు చల్లబడిపోయాయి. ఊపిరి అందడం లేదు. చచ్చిపోతున్నానంటూ నా మణికట్టు గట్టిగా పట్టుకున్నాడు. అప్పట్లో నేను గచ్చిబౌలి వైపు ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో ప్రాజెక్టు మేనేజర్ని. అతన్ని కారులో వేసుకుని దగ్గర్లో ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్ళాను. ఈసీజీ తీశారు, రక్తపరీక్షలు చేశారు. గుండెకు ఏమీ కాలేదని, టెన్షన్ వల్ల అలా అయిందని చెప్పి, మాత్రలు రాసిచ్చి పంపేశారు. తిరిగొస్తుంటే ఫ్లైఓవర్ మీద ట్రాఫిక్ ఆగిపోయింది. అతను కిటికీలోంచి బయటికి చూస్తూ అడిగాడు.

"గుండె కాదన్నరు గదన్నా. మరి ఏంది అది?"

కొన్నాళ్ళకు అతను కోలుకున్నాడు, వేరే కంపెనీకి మారాడు, ఇప్పటికీ పండగలకు మెసేజ్ పెడతాడు. అతని ప్రశ్న మాత్రం నా దగ్గరే ఉండిపోయింది. దాని గురించి చదవడం మొదలుపెట్టాను. ఒక పుస్తకం చదివితే ఇంకోటి చదవాల్సి వచ్చింది. చివరికి, నలభై దాటాక, కౌన్సెలింగ్ సైకాలజీలో ఎమ్మెస్సీకి దరఖాస్తు పెట్టాను. తరగతులు శని, ఆదివారాల్లోనే కాబట్టి ఉద్యోగం మానే పని లేదు.

ఈ సంగతి చెప్పినప్పుడు మా ఆవిడ ప్రగతి నగర్‌లో మా ఫ్లాటు బాల్కనీలో బట్టలు ఆరేస్తోంది. మా ఇద్దరిదీ కడప జిల్లానే. తడి చొక్కా చేతిలో అలాగే పట్టుకుని నవ్వింది.

"నువ్వా? ఇంట్లో మేము సగం మాట చెప్పకముందే ఏం చెయ్యాల్నో చెప్పేస్తావు. నీ దగ్గరికొచ్చి ఎవరు ఏడుస్తారప్పా?"

ఆమె సరదాకే అంది. అందులో ఎంత నిజముందో నాకు మొదటి నెలలోనే తెలిసొచ్చింది.

తరగతిలో దాదాపు అందరూ అప్పుడే డిగ్రీ పూర్తిచేసిన అమ్మాయిలు. మొదటి రోజు నేను గదిలో అడుగుపెడితే పాఠం చెప్పడానికి వచ్చాననుకుని లేచి నిలబడ్డారు. నేను వెళ్ళి వెనక బెంచీలో కూర్చున్నాక నవ్వులు మొదలయ్యాయి. వారం తిరిగేసరికి అందరికీ అన్నను అయిపోయాను.

అక్కడ ముగ్గురేసి చొప్పున కూర్చోబెట్టి సాధన చేయించేవారు. ఒకరు తమ సొంత ఇబ్బంది ఏదైనా చెప్పాలి, ఒకరు వినాలి, మూడోవారు గమనించాలి. నాకు జతగా వచ్చిన సిద్దిపేట అమ్మాయి, హాస్టల్లో చేరినప్పటి నుంచి నలుగురిలో కూర్చుని అన్నం తినలేకపోతున్నానని చెప్పింది. నేను కాసేపు విన్నాను. తర్వాత, ఎవరైనా స్నేహితురాలితో కలిసి వెళ్ళమన్నాను, కొన్నాళ్ళు గదికే డబ్బా తెప్పించుకోమన్నాను, మెస్సు ఖాళీగా ఉండే వేళ చూసుకోమన్నాను. ఆ అమ్మాయి అన్నిటికీ మర్యాదగా తలూపి, "సరే అన్నా" అంది. పని బాగా చేశాననుకున్నాను.

మా టీచరు వెనకే నిలబడి ఉన్నారు. యాభై దాటిన మనిషి, తెలంగాణ ఆవిడ, మానసిక వైద్యశాలలో ఎన్నో ఏళ్ళు పనిచేసి వచ్చారు. ఆవిడ ఆ అమ్మాయిని, ఇంకేమైనా చెప్పాలనుకున్నావా అని అడిగారు.

"ఉండే మేడమ్," అంది ఆ అమ్మాయి. "ఇగ అవసరం లేదనిపించింది."

టీచరు నావైపు తిరిగారు. "ఆఫీసుల కంప్లైంట్ టికెట్ క్లోజ్ చేసినట్టు క్లోజ్ చేసిన్రు సార్ మీరు. ఆమె ఇంకా ఓపెనే చెయ్యలె."

అందరితో పాటు నేనూ నవ్వాను. ఇంటికి వెళ్ళే దారిలో నవ్వు రాలేదు. పదిహేనేళ్ళుగా నాకు జీతం ఇచ్చింది సమస్య వినగానే పరిష్కారం చెప్పినందుకే. ఇప్పుడు అదే నాకు అడ్డుపడుతోంది.

ఈ చదువులో ఒక నియమం ఉంది. కౌన్సెలర్ కావాలనుకునేవాళ్ళు ముందు తామే కొన్నాళ్ళు మరో కౌన్సెలర్ దగ్గర కూర్చోవాలి. నాకంటే చాలా చిన్నవాడైన ఒకతని దగ్గరికి వెళ్ళాను. మొదట్లో ఆఫీసు కబుర్లే చెప్పాను. ఒకరోజు అతను, ఎదుటి మనిషి ఏడుస్తుంటే మీ లోపల ఏం జరుగుతుంది అని అడిగాడు. భయం వేస్తుందని చెప్పాను. ఆ మాట నా నోట్లోంచి రావడం నాకే వింతగా అనిపించింది. ఏదో ఒక ఉపాయం చెబుతున్నంతసేపూ ఆ భయం నా దాకా రాదు. అందుకే అంత తొందర.

రెండో ఏడాది ప్రాక్టికల్స్‌కి నన్ను నానక్‌రామ్‌గూడలో ఒక ట్రస్టు నడిపే చిన్న కౌన్సెలింగ్ సెంటర్‌లో వేశారు. కింద మందుల షాపు, పైన రెండు గదులు. నా పనిని పర్యవేక్షించేది మా టీచరే. కిటికీ తెరిస్తే షేర్ ఆటోల కేకలు, వాటి వెనక అద్దాల టవర్లు, రెంటి మధ్యలో పాత ఊరి సందులు.

అక్కడికే ఒక శనివారం ఒకావిడ తన మామగారిని తీసుకొచ్చింది. అరవై దాటిన మనిషి. ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా, ధోతి, భుజం మీద తువ్వాలు. ఆ ఊరివాళ్ళే. పొలం ఎప్పుడో అమ్మేసి, మూడంతస్తుల ఇల్లు కట్టుకుని, పై అంతస్తులు కిరాయికిచ్చారు. భార్య పోయి రెండేళ్ళు కావస్తోంది. ఆయన గోడవైపు చూస్తూ కూర్చుంటే కోడలే మాట్లాడింది.

"పొద్దుగాల్నే లేచి పోతడు సార్. ఎటు పోతున్నవ్ మామా అంటే చెప్పడు. పోయి ఔటర్ రింగు రోడ్డు దిక్కు ఒక టవర్ గేటు కాడ నిలవడుతడట. సెక్యూరిటీ వాళ్ళు ఫోన్ చేసి చెప్పిన్రు. మతి తప్పుతున్నదేమో అని మా ఆయన పరేషాన్ అయితుండు. దవాఖానల చూపిస్తే అన్నీ మంచిగనే ఉన్నయన్నరు."

ఆమె బయటికి వెళ్ళాక ఆయన, తనకేమీ కాలేదని, కోడలే ఊరికే ఫికర్ చేస్తుందని అన్నాడు. ఆ గేటు దగ్గరికి ఎందుకు వెళ్తారంటే, గాలికి అన్నాడు. మళ్ళీ రాడనే అనుకున్నాను. తర్వాతి శనివారం ఒక్కడే ఆటో ఎక్కి వచ్చాడు.

తర్వాతి వారాల్లో పొలం గురించి చెప్పాడు. ఆ టవర్ ఉన్నచోటే వాళ్ళ పొలం ఉండేదట. వరి, జొన్న, ఎండాకాలం కూడా ఎండని బావి. అందరూ అమ్మారు, తామూ అమ్మామని, ఎవరూ మోసం చేయలేదని చెప్పాడు. నాకు అంతా అర్థమైపోయింది. భూమి పోవడంతో రైతుగా తానెవరో ఆ గుర్తింపు కూడా పోయిందని, ఇది ఆ దుఃఖమేనని ఇంగ్లీషులో చక్కటి రిపోర్టు రాశాను. టీచరు చదివి కళ్ళద్దాలు తీశారు.

"మంచిగ రాసిన్రు. కని ఇది ఆయన చెప్పిండా, మీరు చెప్పిన్రా?"

ఆ పై శనివారం నేను ఏమీ అడగకూడదని నిశ్చయించుకున్నాను. ఆయన వచ్చి కూర్చున్నాడు. కింద ఆటోవాళ్ళు గచ్చిబౌలి, గచ్చిబౌలి అని అరుస్తున్నారు. ఆయన తువ్వాలు మడత విప్పాడు, మళ్ళీ మడిచాడు. నా నాలుక చివర ప్రశ్నలు నిలబడి ఉన్నాయి. కాళ్ళు నేలకు ఆనించి ఊరుకున్నాను.

"ఆడ మా పిల్ల ఉన్నది సారూ," అన్నాడు చివరికి.

మనవరాలెవరో ఆ టవర్లో ఉద్యోగం చేస్తోందనుకున్నాను. ఏ కంపెనీ అని అడగబోయి ఆగాను. ఆ రోజు ఆగినందుకు ఇప్పటికీ సంతోషపడతాను.

"మా పెద్దపిల్ల. మూడేండ్లది. జరమొచ్చి పోయింది. మా పొలం గట్టు కాడనే బొంద పెట్టినం."

నా లోపల ఆ పాత తొందర మొత్తం ఒక్కసారిగా లేచింది. టవర్ వాళ్ళతో మాట్లాడి చూడొచ్చు, ఏదైనా శాంతి చేయించొచ్చు, ఇన్నేళ్ళైంది కదా అనొచ్చు. వాటిలో ఏదీ అనలేదు. నా కళ్ళు తడిశాయి. ఆయన అది చూశాడు. నేను తుడుచుకోలేదు. ఒకే ఒక్కటి అడిగాను.

"ఎట్లుండేది పిల్ల?"

ఆయన నా ఎదుట నవ్వడం అదే మొదటిసారి. బర్రెను అక్కా అని పిలిచేదట. గట్టు మీద ఆయన వెనక నడుస్తూ, ఆయన అడుగు పడినచోటే తన అడుగు వేయాలని చూసేదట. పెద్ద అంగలేస్తే అందక, నిలబడి తిట్టేదట. అందుకని ఆయన చిన్న చిన్న అడుగులు వేసేవాడు. కూర్చున్నచోటే కాళ్ళు కదిలించి, ఎంత చిన్నవో నాకు చూపించాడు.

పొలం అమ్మేనాటికి భార్య బతికే ఉంది. అక్కడ ఒక రాయైనా ఉండనివ్వమని కొన్నవాళ్ళను అడగమంది. పిచ్చివాడనుకుంటారని ఆయన అడగలేదు. మిషన్లు వచ్చి నేలంతా చదును చేసేశాయి. పిల్ల పోయిన తర్వాత పుట్టిన కొడుక్కి ఈ సంగతే తెలియదు. పోయిన పసిపిల్లల్ని తలుచుకోకూడదని పెద్దవాళ్ళు చెప్పడంతో ఇంట్లో ఎవరూ ఆ మాట ఎత్తలేదు. భార్యాభర్తలు కూడా ఎత్తలేదు. కానీ కొన్ని పొద్దుటిపూటలు ఒకరి ముఖం ఒకరు చూసుకుంటే ఇద్దరికీ తెలిసేదట, పిల్లే గుర్తొచ్చిందని.

"మా ఇంటామె పోయింది. ఇగ నేను గుడ పోతే, గా పిల్ల ఒకతి ఉండె అని ఎవలకు తెల్వదు సారూ."

ఆయన వెళ్ళాక టీచరు గదికి వెళ్ళి చెప్పబోయి ఏడ్చేశాను. ఆవిడ మంచినీళ్ళ గ్లాసు నా ముందు పెట్టారు. తేరుకున్నాక, ఆయన కోసం ఏదైనా చేయాలని ఉంది, ఆ టవర్ వాళ్ళను కలిసి ఒక మూల చిన్న రాయి పెట్టనిస్తారేమో కనుక్కుంటాను అన్నాను.

"ఆయన అడిగిండా?"

"లేదు మేడమ్."

"మరి ఏమడిగిండు?"

ఆయన ఏమీ అడగలేదు. బిడ్డ గురించి ఇంకో మనిషికి చెప్పాడు, అంతే. ఆ సాయంత్రం నేను రిపోర్టు మళ్ళీ రాశాను. ఈసారి పేజీ సగం కూడా నిండలేదు.

కొడుక్కి చెప్తానని ఆయనే అన్నాడు, ఆ గదిలోనే చెప్తానని. కొడుకు ప్లాట్లు అమ్మిపెట్టే పని చేస్తాడు. భార్యతో కలిసి వచ్చినప్పుడు చేతిలో ఫోన్ మోగుతూనే ఉంది. తండ్రికి మతిమరుపు జబ్బు అని తేల్చి చెబుతామనుకున్నట్టున్నాడు, ముఖం బిగపట్టుకుని కూర్చున్నాడు. తండ్రి నేలవైపు చూస్తూ చెప్పుకుపోయాడు. కొడుకు ఫోన్ కట్టేసి కుర్చీ కింద పెట్టాడు.

"నాకు అక్క ఉండెనా నాయినా?"

తండ్రి తలూపాడు.

"పేరేంది?"

ఆయన పిల్ల పేరు చెప్పాడు. అన్ని వారాలు కూర్చున్నా, నేను ఆ పేరు అడగలేదు, ఆయన చెప్పలేదు. దాన్ని ఇక్కడ రాయను. కోడలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, నెమ్మదిగా ఆ పేరు ఒకసారి తనూ పలికింది.

ఆ ఏడు పెత్రమాస నాడు, అంటే ఇంట్లో పోయిన పెద్దల పేర్లు చెప్పి అయ్యగారికి బియ్యం ఇచ్చే అమావాస్య నాడు, కొడుకు అందరి పేర్లతో పాటు అక్క పేరూ చెప్పాడట. చిన్నపిల్లలకు ఇవ్వరు కదా అని అయ్యగారు సందేహించారు. మా ఇంట్లో ఇస్తాం అన్నాడట కొడుకు. అయ్యగారు ఇంకేమీ అనకుండా ఆ పేరు పైకే చదివారట. ఇది నాకు చెప్పడానికే పెద్దాయన తర్వాతి శనివారం వచ్చాడు. గేటు దగ్గరికి ఇప్పటికీ వెళ్తున్నాడు. సెక్యూరిటీ వాళ్ళు లోపలికి రానివ్వరు. కానీ కొన్ని పొద్దుటిపూటలు కొడుకు బండి మీద తీసుకెళ్ళి, కాసేపు పక్కనే నిలబడుతున్నాడు. నిద్ర కొంచెం నయమని చెప్పాడు. లేచి వెళ్తూ, "ఇగ రాను సారూ, చెప్పుడు అయిపోయింది," అన్నాడు. నేను మెట్ల దాకా వెళ్ళి సాగనంపాను.

ఇది రాయొచ్చా అని తర్వాత ఆయన్నే అడిగాను. రాయమన్నాడు. ఆనవాలు పట్టే వివరాలు కొన్ని మార్చాను.

ఎమ్మెస్సీ పూర్తయింది. వైవాలో ఈ కేసు చెప్పినప్పుడు ఏ పద్ధతి వాడారని అడిగారు. పుస్తకంలో ఉన్న ఒక పద్ధతి పేరు చెప్పాను, ఒప్పుకున్నారు. లైసెన్సు చేతికి రావడానికి ఇంకా శిక్షణ మిగిలి ఉంది. ఆఫీసు ఉద్యోగం చేస్తూనే, శనివారాలు మా టీచరు పర్యవేక్షణలో అదే గదిలో కూర్చుంటున్నాను.

అందరి విషయంలో ఇలా జరగదు. కోకాపేటలో ఉద్యోగం చేసే ఒకమ్మాయి రెండుసార్లు వచ్చింది. రెండోసారి వెళ్ళేటప్పుడు, వచ్చే వారం అసలు సంగతి చెప్తానంది. మళ్ళీ రాలేదు. సెంటర్ వాళ్ళు ఒకసారి ఫోన్ చేశారు, ఎత్తలేదు. అంతకంటే వెంటపడకూడదన్నది మాకున్న నియమం. నేనేమైనా తొందరపడ్డానా, ఏదో ఒక మాట ఎక్కువ అన్నానా అని టీచరు దగ్గర కూర్చుని ఆ అమ్మాయి నాతో కూర్చున్న రెండు గంటలూ మాట మాటగా తిరగేశాం. మాకు ఏమీ దొరకలేదు. ఆ అమ్మాయి వచ్చే వేళకు కొన్ని వారాల పాటు ఇంకెవరినీ పెట్టవద్దని సెంటర్ వాళ్ళకు చెప్పాను. ఆ గంటసేపూ తలుపు తీసే ఉంచి కూర్చున్నాను.